ఇప్పుడు మీరు చెప్పండి

ఓజ్‌బాల్ట్ క్రెమ్‌జార్ రెండు చేతులూ ఇనప దీపపుగిన్నెకు పురికొస కట్టే పనిలో ఉన్నాయి. ముడి బిగించాడు. లాగి చూశాడు. నచ్చలేదు కాబోలు, విప్పి మళ్లీ కట్టాడు. గిన్నెలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి, నేలమాళిగ గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చుని, పురికొస వదులుతూ దాన్ని మెల్లగా లోపలికి దించాడు. పెద్ద పీపా పైఅంచు దగ్గర మంట నిటారుగా నిలబడింది. పీపా నడుము దగ్గర కాస్త వంగింది. పీపా అడుగున కుళాయి దాకా చేరగానే ఎవరో ఊదినట్టు ఆరిపోయింది.

"చూశారుగా?" అన్నాడు.

"చూశానండీ" అంది రెజికా.

"ఏం చూశారో ఇప్పుడు మీరు చెప్పండి."

ఇదీ ఆయన జబ్బు. ఓజ్‌బాల్ట్ గారు ఎవరికి ఏం చెప్పినా, అది వాళ్ల నోట మళ్లీ వినేదాకా అక్కణ్నుంచి అడుగు కదపడు. తలాడిస్తే ఒప్పుకోడు. "సరే" అంటే ఒప్పుకోడు. "అర్థమైంది సార్" అంటే మరీ కోపం. రాళ్ల గనుల్లో, రంపపు మిల్లుల్లో, వైను కొట్లలో పనివాళ్ల ప్రాణాలకు ముప్పు రాకుండా చూడవలసిన ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు ఆయన. మనిషి పొట్టి, మీసం పొడుగు. కళ్లజోడు ఎప్పుడూ ముక్కు చివరే ఉంటుంది, దూకడానికి సిద్ధంగా.

హలోజె కొండల్లో ఆయన గురించి చెప్పుకోని ఇల్లు లేదు. చర్చిలో తన పెళ్లినాడు పెళ్లికూతురు సిగ్గుపడుతూ "అవును" అంటే, ఈయన పక్కకి తిరిగి "దేనికి అవును?" అని అడిగాడట. ఆవిడ మొత్తం అప్పజెప్పాకే ఉంగరం తొడిగాడట. మంగలి షాపులో తనకు క్షవరం ఎలా కావాలో చెప్పి, మంగలి చేత తిరిగి చెప్పించి, తప్పు దిద్ది, మళ్లీ చెప్పించే లోపల, పక్క కుర్చీలో ఉన్నాయనకు అదే క్షవరం జరిగిపోయిందట. ఇంట్లో కుక్కని కూర్చోమంటే రెండుసార్లు కూర్చుంటుందట, ఒకటి చెప్పినందుకు, ఇంకొకటి అర్థమైందని చూపించడానికి. వీటిలో ఎన్ని నిజమో రెజికాకు తెలియదు. కానీ బ్రెజోవ్నిక్ ఊరి పూటకూళ్ల ఇంట్లో ఆయన సలాడ్ అడగడం మాత్రం ఆమె తన కళ్లతో చూసింది.

"గుమ్మడి గింజల నూనె వెయ్యండి. ఉల్లిపాయ వద్దు. ఇప్పుడు మీరు చెప్పండి" అన్నాడు ఆయన, హోటలు నడిపే మీమికాతో.

మీమికా పిన్ని ముప్పాతిక జీవితం ఆ వంటింట్లోనే గడిపిన మనిషి. నడుమ్మీద చెయ్యి వేసుకుని, "గుమ్మడి గింజల నూనె వెయ్యాలి, ఉల్లిపాయ వెయ్యకూడదు, మీలాంటి వాళ్లని ఊరి పొలిమేరలోనే ఆపెయ్యాలి" అంది.

"మొదటి రెండూ సరిపోయాయి" అన్నాడాయన, రుమాలు ఒళ్లో పరుచుకుంటూ.

అయినా ఆయన్ని పిలిపించుకున్నది రెజికానే.

కొండవాలు తోటల ద్రాక్ష అంతా రెజికా కొట్టుకే వస్తుంది. పిండడం, పులియబెట్టడం, పీపాలకెత్తడం ఆమె పని. నేలమాళిగ పాతది, లోతైనది. మెట్లు నిట్రంగా ఉంటాయి. కింద పీపాల వరస. ద్రాక్షరసం పులిసేటప్పుడు బరువైన గాలి ఒకటి పుడుతుంది. దానికి రంగు లేదు. పులుపు వాసనలో దాని వాసన తెలియదు. నీళ్లలాగే పల్లం వెతుక్కుని నేలనంటి నిలుస్తుంది. అది పీల్చిన మనిషి నిలబడ్డచోటే కూలిపోతాడు. అందుకని ఆ కొండల్లో తాతల నాటినుంచి ఒక ఆచారం ఉంది. శరదృతువులో నేలమాళిగలోకి దిగేవాడు చేత్తో కొవ్వొత్తి పట్టుకుని దిగుతాడు. ఆరితే వెనక్కి వస్తాడు. వెలుగుతుంటే పని చేసుకుంటాడు. రెజికా ఇంట్లో ఆ పనికి వాడే ఇనప దీపపుగిన్నె ఆమె తాత సొంతంగా సాగగొట్టి చేసుకున్నది. పిడి దగ్గర ఆయన బొటనవేలి అరుగుడు ఇంకా కనిపిస్తుంది.

కిందటి శరదృతువులో పక్క లోయలో అన్నదమ్ములిద్దరు పోయారు. తమ్ముడు కుళాయి బిగించడానికి దిగాడు, లేవలేదు. అతని కోసం అన్న దిగాడు. ఇరుగుపొరుగు వెళ్లేసరికి గోడ మేకుకు తగిలించిన కొవ్వొత్తి ఇంకా వెలుగుతూనే ఉంది.

ఆ మాట విన్నప్పటినుంచీ రెజికాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఆమె కొట్టులో కిందికి దిగేది ఆమె తమ్ముడు ఫ్రాంచెక్. పీపా పక్కన నిలబడితే పీపాయే చిన్నగా కనిపించేంత మనిషి. వాణ్ని ఎత్తి పెంచింది ఆమె. వాణ్ని కొవ్వొత్తి ఇచ్చి లోపలికి పంపేది కూడా ఆమే. ఆ కొవ్వొత్తిని నమ్మొచ్చా, నమ్మకూడదా? ఆమెకు కావలసింది ఆ ఒక్క ముక్క. ప్రభుత్వ కార్యాలయానికి ఫోను చేసింది.

"యజమాని తగిన జాగ్రత్తలు తీసుకోవాలండీ" అంది అవతలి గొంతు.

"తగిన అంటే ఏవి?"

"పరిస్థితిని బట్టి ఉంటుంది."

"పరిస్థితి చెబుతున్నా కదమ్మా. నేలమాళిగ. పులుస్తున్న రసం. చేతిలో కొవ్వొత్తి. దిగొచ్చా, దిగకూడదా?"

"ముప్పును అంచనా వేసుకుని, దానికి అనుగుణంగా..."

"అంచనా వెయ్యడానికేగా నీకు ఫోను చేసింది!"

ఆ గొంతు ఇంకో గొంతుకిచ్చింది. ఆ గొంతు భోజనానికి వెళ్లిన మూడో గొంతు కోసం ఆగమంది. రెజికా ఆగింది. పొయ్యి మీద సూపు మాడింది. అయినా ఆగింది. చివరికి ఎవరో విసుగెత్తి, "మీ దగ్గరికి క్రెమ్‌జార్ గారిని పంపిస్తాం" అన్నారు. ఆ అనడంలో ఆమెకు ఏదో శిక్ష వేసినట్టు వినిపించింది.

ఆయన వచ్చాడు. గ్లాసు వైను ఇస్తే వద్దన్నాడు. మంచినీళ్లు ఇస్తే అవీ వద్దన్నాడు. "ఉద్యోగంలో ఉండగా బహుమతి పుచ్చుకోకూడదమ్మా" అని, సంచిలోంచి తన ఫ్లాస్కు తీసి తన టీ తానే పోసుకున్నాడు. రెజికా చేతులు తుడుచుకుని, ఎదురుగా నిలబడి, ఇన్నాళ్లుగా నోట్లో నానుతున్న ప్రశ్న అడిగింది.

"కొవ్వొత్తి వెలుగుతుంటే మా తమ్ముణ్ని లోపలికి పంపొచ్చా, పంపకూడదా?"

"పంపకూడదు" అన్నాడు ఓజ్‌బాల్ట్.

రెజికా పక్కనున్న బుట్ట మీద కూలబడింది. ప్రభుత్వం నోటినుంచి ఒక్క ముక్కలో జవాబు రావడం ఆమె జీవితంలో అదే మొదలు.

అప్పుడే ఆయన దీపపుగిన్నెకు పురికొస కట్టి, కిందికి దించి చూపించాడు. "మీ తమ్ముడు పొడుగు. కొవ్వొత్తి రొమ్ము ఎత్తున పట్టుకుంటాడు. కుళాయి అడుగున ఉంది. వంగుతాడు. వంగాక లేవడు. ఇంకో మాట. ఇది ఆరితే లోపల చావుందని అర్థం. ఆరకపోతే లేదని అర్థం కాదు. ఆ గాలిలో కొవ్వొత్తి కంటే ముందు మనిషే ఆరిపోతాడు. ఇప్పుడు మీరు చెప్పండి."

రెజికా చెప్పింది. ఆయన నాలుగు వేళ్లు చూపించి, ఒక్కో వేలూ ముడుస్తూ నాలుగు మాటలు చెప్పాడు.

"ఒకటి. కొవ్వొత్తి మాట నమ్మొద్దు. రెండు. నేల దగ్గర గాలి లాగే ఫ్యాను తిరగాలి, గాలిని కొలిచే మీటరు మూగగా ఉండాలి, అప్పుడే మనిషి. మీటరు కూస్తే పని ఎక్కడున్నా వదిలేసి బయటికి. మూడు. మనిషికి తాడు, ఆ తాడుకి గుమ్మంలో ఇంకో మనిషి. నాలుగు. పడినవాడి కోసం దిగొద్దు. బయటినుంచే లాగాలి, కేకెయ్యాలి, ఫైరువాళ్లని పిలవాలి. ఇప్పుడు మీరు చెప్పండి."

రెజికా మూడోది మర్చిపోయి, మళ్లీ మొదలెట్టి, మొత్తానికి గట్టెక్కింది. ఆయన ఫ్రాంచెక్ వైపు తిరిగాడు. ఫ్రాంచెక్ మూడు చెప్పి ఆగిపోయాడు.

"నాలుగోది నేను చెప్పను."

"ఎందుకని?"

"మా అక్క లోపల పడుంటే నేను గుమ్మంలో నిలబడి కేకలేస్తానా? నేనేం మనిషిని సార్?"

ఓజ్‌బాల్ట్ వాదించలేదు. బుట్ట ఒకటి బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఆపిల్ పండు తీసి, చొక్కాకు తుడిచి, కొరికాడు.

"ఏం చేస్తున్నారు?" అన్నాడు ఫ్రాంచెక్.

"ఎదురుచూస్తున్నాను."

పొద్దువాలేదాకా ఎదురుచూశాడు. ఫ్రాంచెక్ పీపాలు కడిగాడు, ఆయన కాళ్లెత్తి నీళ్లకు దారిచ్చాడు. మర్నాడు పొద్దున్నే ఫ్రాంచెక్ వచ్చేసరికి బుట్ట మీద అప్పటికే మనిషున్నాడు. ఆ మర్నాడు వాన. గొడుగుతో సహా ఉన్నాడు. తోటలో పిట్టల్ని తోలడానికి పెట్టిన చెక్క గాలిమర టకటకలాడుతోంది. ఫ్రాంచెక్‌కు అది కూడా "ఇప్పుడు మీరు చెప్పండి, ఇప్పుడు మీరు చెప్పండి" అంటున్నట్టు వినిపించసాగింది. చేతిలోని చీపురు నేలకేసి కొట్టి కొండంతా మారుమోగేలా అరిచాడు.

"పడినవాడి కోసం దిగను! బయటినుంచే లాగుతాను! కేకేస్తాను! ఫైరువాళ్లని పిలుస్తాను! చాలా?"

"గట్టిగా చెప్పారు, బాగుంది" అన్నాడు ఓజ్‌బాల్ట్. "ఇప్పుడు మామూలుగా చెప్పండి."

ఆ అరుపు కింద రోడ్డు మీద ట్రాక్టరులో పోతున్న గుస్తెల్ చెవిన పడింది. ఇక ఊరికి వేరే వినోదం అక్కర్లేకపోయింది.

గుస్తెల్ ద్రాక్ష గంపలు తోలేవాడు. రెజికా ఇంటి పక్కవాడు. చేతులతో చేసే పనికంటే గొంతుతో చేసే పని ఎక్కువ. ఆ సాయంత్రం మీమికా హోటల్లో సూపు గరిటె కాడను మీసంలా పట్టుకుని, ఎవరిదో కళ్లజోడు ముక్కు చివరకు జార్చి, బెంచీ ఎక్కి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. వచ్చిన గొంతు అచ్చంగా ఓజ్‌బాల్ట్ గారిదే.

"ఒకటి! కొవ్వొత్తి మాట నమ్మొద్దు, అది ప్రభుత్వోద్యోగి లాంటిది, ఆరిపోయేదాకా ఏమీ చెప్పదు! రెండు! ముందు ఫ్యాను, తర్వాత ఫ్రాంచెక్! నాలుగు! పడినవాడి కోసం దిగొద్దు! ఇప్పుడు మీరు చెప్పండి!"

హోటలంతా ఒక్క గొంతుతో తిరిగి చెప్పింది. అది మొదలు వారంవారం అదే భజన. పీపాల మేస్త్రీ వచ్చి కాఫీ అడిగితే "ఇప్పుడు మీరు చెప్పండి." పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతూ ఒక్కో గడిలో ఒక్కో మాట. రెజికాకు ఇదంతా నచ్చలేదు. ఒకరోజు గుస్తెల్‌ని దారిలో ఆపి దులిపేసింది.

"పెద్దాయన మన ప్రాణాల కోసం వానలో కూర్చున్నాడ్రా. ఆయన్ని ఊరందరిలో బఫూన్ని చేస్తావా?"

"నేనేం చేశాను వదినా? ఆయన చెప్పిందే చెబుతున్నా. ఆయన చెబితే నిద్రొస్తుంది, నేను చెబితే నవ్వొస్తుంది, అంతేగా తేడా."

"ఆయన వింటే ఎంత బాధపడతాడు?"

"వినడులే. గురువారం గురువారం వచ్చి నీ బుట్ట మీద కూర్చుని పోతాడు" అన్నాడు గుస్తెల్.

తర్వాతి వారం గుస్తెల్ ఆటలో కొత్త భాగం చేరింది. మూడో వేలు ముడుస్తూ, ఆ పూట బల్ల దగ్గర దొరికిన ఎవడో ఒకడి నడుముకు తాడు కట్టి, రెండో కొస ఇంకొకడి చేతికిచ్చి, "మనిషికి తాడు, తాడుకి మనిషి! లాగరా!" అని ఈడ్పించేవాడు. చర్చి ఫాదరును కూడా వదల్లేదు. ఆయన బల్ల చుట్టూ ఒక చుట్టు ఈడ్పించుకుని, మిగతా బీరు ప్రశాంతంగా తాగాడు.

రెజికా ఫ్యాను కొంది, మీటరు కొంది. ఓజ్‌బాల్ట్ గుమ్మం పైదూలానికి గిలక వేయించాడు. ఫ్రాంచెక్ మాత్రం తాడు కట్టుకోవడానికి నామోషీ పడ్డాడు. గుస్తెల్ ఊరుకుంటాడా?

"ఏం బావా, చేద దించుతున్నారా? అయితే తాడు కట్టించుకో. లేదంటే ఆ మీసాలాయన మళ్లీ వచ్చి బుట్ట మీద కూర్చుంటాడు. ఆ బుట్టకి ఇప్పటికే ఆయన ఆకారం వచ్చేసింది!"

అందరూ నవ్వారు. ఫ్రాంచెక్ కూడా నవ్వి, ఆ నవ్వులోనే బెల్టుకు తాడు తగిలించుకున్నాడు. ఒకరోజు తగిలించుకున్నవాడికి రెండో రోజు నామోషీ ఉండదు.

కొత్త వైను తాగే మార్టిన్ పండగ ఇంకా రాలేదు. పీపాల్లో రసం ఉడుకుతున్నట్టు పొంగుతోంది. ఆ మధ్యాహ్నం ఫ్యాను వేశారు, మీటరు మూగగా ఉంది, ఫ్రాంచెక్ దిగాడు, రెజికా గుమ్మంలో తాడు పట్టుకుని నిలబడింది. బయట గుస్తెల్ ట్రాక్టరునుంచి ఖాళీ గంపలు దించుతున్నాడు. పైన రసం తోడే పంపు ఎవరో వేశారు. ఫ్యాను, పంపు ఒకే తీగ మీద ఉన్నాయి. ఫ్యూజు పోయింది. ఫ్యాను ఆగింది.

"పైకి రారా" అంది రెజికా.

కిందనుంచి మీటరు కూత వినిపించింది.

"ఫ్రాంచెక్! వచ్చెయ్యి!"

"ఒక్క నిమిషం అక్కా. కుళాయి కారుతోంది, బిగించి వస్తా."

కారుతున్న కుళాయిని వదిలి రావడం ఆ కొండల్లో ఎవరి ఇంటావంటా లేదు. బిడ్డ ఏడుస్తుంటే వదిలిపోయినట్టు అనుకుంటారు. ఫ్రాంచెక్ వంగాడు. రెజికాకు పైనుంచి వాడి వీపు కనిపించింది. తర్వాత వీపు కనిపించలేదు, బూట్లు కనిపించాయి, అడ్డంగా. మీటరు కూస్తూనే ఉంది.

రెజికా చేతిలోంచి తాడు జారిపోయింది. అప్పజెప్పిన నాలుగు మాటలూ ఆ క్షణంలో ఆమెకు గుర్తులేవు. ఎత్తి పెంచిన పిల్లవాడు కింద పడున్నాడు. ఆమె కాలు మొదటి మెట్టు మీద పడింది. రెండో కాలు లేచింది.

"నాలుగు!" అని వెనకనుంచి ఓజ్‌బాల్ట్ గొంతు ఉరిమింది. "పడినవాడి కోసం దిగొద్దు! ఇప్పుడు మీరు చెప్పండి!"

ఆమె నోరు దానంతటదే తెరుచుకుంది. "పడినవాడి కోసం దిగొద్దు. బయటినుంచే లాగాలి..."

చెప్పాలంటే ఆగాలి. ఆగింది. వెనక్కి తిరిగి చూస్తే ఓజ్‌బాల్ట్ లేడు. మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయి, చేతిలో గంపతో గుస్తెల్ నిలబడున్నాడు.

"తాడు వదినా! తాడు!"

ఇద్దరూ తాడు మీద పడ్డారు. గిలక కీచుమంది. ఫ్రాంచెక్ బరువేమిటో ఆ రోజు వాళ్ల అరచేతులకు తెలిసింది. లాగుతూనే గుస్తెల్ ఫైరువాళ్ల కోసం కేక పెట్టాడు, ఈసారి సొంత గొంతుతో. మెట్టు మెట్టుకీ బూట్లు కొట్టుకుంటూ ఫ్రాంచెక్ పైకొచ్చాడు. గుమ్మం దాటించి గాలిలోకి ఈడ్చారు. ఊళ్లో ఫైరువాళ్లంటే ఊరివాళ్లే, సైరను వింటే ద్రాక్ష కత్తెరలు పడేసి హెల్మెట్లు పెట్టుకునేవాళ్లు. వాళ్లు గాలి సిలిండర్లతో పరుగున వచ్చేసరికి ఫ్రాంచెక్ పచ్చిక మీద పడి, దగ్గుతూ, కళ్లు తెరిచి చూశాడు.

"కుళాయి?" అన్నాడు.

రెజికా వాడి చెంప మీద ఒకటి ఇచ్చి, ఆ తర్వాత ఏడ్చింది.

గురువారం ఓజ్‌బాల్ట్ వచ్చాడు. ఎవరినీ తిట్టలేదు. పంపు చూశాడు, తీగ చూశాడు, మెట్లు చూశాడు. "ఫ్యానుకి సొంత తీగ ఉండాలి. నాకది ముందే తట్టాల్సింది. తట్టలేదు" అన్నాడు. జరిగింది రెజికా నోట మొదటినుంచి చివరిదాకా విన్నాడు. గుస్తెల్ కేక దగ్గరికి వచ్చేసరికి కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఆమె చెప్పడం అయిపోయాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

"ఆ అబ్బాయి మీ గొంతుతో వెటకారం చేస్తుంటాడండీ" అంది రెజికా తలొంచుకుని. "మీరు ఏమీ అనుకోకండి."

"అలాగా" అని ఆయన లేచి వెళ్లిపోయాడు. తిరిగి చెప్పమనలేదు. రెజికాకు అది మరీ బాధనిపించింది.

రెండు రోజులకు ఆ మాటే మీమికా హోటల్లో గుస్తెల్ ఎదురుగా అంది. "ఆయనకి తెలిసిపోయింది. పాపం, ఎంత నొచ్చుకున్నాడో."

మీమికా గిన్నె తోమడం ఆపింది. "ఎవరికి తెలిసిపోయింది? ఆయనకా?" అని పకపకా నవ్వింది. "ఆయన మొదటినుంచీ నా వంటింట్లో కూర్చుని వింటున్నాడమ్మా. ప్రతి గురువారం. పొయ్యి పక్కన ముక్కాలి పీట, ముందు సూపు, తలుపు వేలెడంత తెరిచి."

గుస్తెల్ చేతిలో గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. "నిన్నగాక మొన్న కూడానా?"

"మొదటిసారి వచ్చినప్పుడు నాకు గుండె జారిపోయింది. నువ్వు బెంచీ ఎక్కి ఆయన మీసం తిప్పుతున్నావు, ఆయన ఇక్కడ వింటున్నాడు. ఏం శిక్ష వేస్తాడో అనుకున్నా. మొత్తం విని, చెంచా కింద పెట్టి, ఏమన్నాడో తెలుసా? 'అబ్బాయి బాగా చెబుతున్నాడు. మూడోది వదిలేస్తున్నాడు' అన్నాడు."

"తాడు!" అన్నాడు గుస్తెల్. "పిన్నీ, అది నీ ఐడియా అన్నావు కదే! తాడు కట్టి లాగితే ఇంకా నవ్వొస్తుందని!"

"అలా చెప్పమని ఆయనే చెప్పాడు. నా చేత తిరిగి చెప్పించుకున్నాడు కూడా."

"ఆయనకి అవమానంగా లేదటా పిన్నీ?" అంది రెజికా.

"నేనూ అదే అడిగా" అంది మీమికా. "ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మిల్లులో పనివాళ్లకి చక్కగా వివరించి చెప్పాడట. అందరూ తలలాడించారట. 'తలాడించిన వాళ్లింటికే మళ్లీ చావుకి నల్లకోటు వేసుకుని వెళ్లానమ్మా. అప్పటినుంచి నాకు తలలంటే నమ్మకం లేదు, నోళ్లే కావాలి. నేను చెబితే నా మాట గుమ్మం దాకా పోతుంది, అతను చెబితే ఊరంతా పోతుంది. నవ్వితే నవ్వనీ' అన్నాడు. అని సూపు తాగాడు. ఉప్పు తక్కువైందన్నాడు. అదీ తిరిగి చెప్పించుకున్నాడు."

గుస్తెల్ ఆ సాయంత్రం బెంచీ ఎక్కలేదు. వంటింటి తలుపు తీసి, లోపల ఖాళీగా ఉన్న ముక్కాలి పీటను కాసేపు చూసి వచ్చాడు.

మార్టిన్ పండగనాటికి రెజికా పని పూర్తిచేసింది. ఫ్యానుకు సొంత తీగ లాగించింది. ఫ్యాను గాలి లాగే గొట్టానికి రేకు తానే కత్తిరించి, మడిచి, అతికి, గొట్టం మూతి నేలకు బెత్తెడెత్తున ఉండేలా మోచేయి వంపు తిప్పింది. అతుకు ఎక్కడా గాలి వదలకుండా వేలితో తడిమి చూసుకుంది. స్విచ్చి గుమ్మం బయట పెట్టించింది. ఓజ్‌బాల్ట్ వచ్చి, మెట్ల మీద కూర్చుని, గొట్టం మూతి దగ్గర కాగితం ముక్క పెట్టి చూశాడు. కాగితం గొట్టానికి అతుక్కుపోయింది.

"పని బాగా చేశారు" అన్నాడు. ఆయన నోటినుంచి అంతకంటే పెద్ద పొగడ్త ఎవరూ విని ఉండరు.

పండగ రోజు. రసం వైనుగా మారి మొదటిసారి పీపాలు తెరిచే రోజు. బల్ల మీద బాతు మాంసం పొగలు కక్కుతోంది. ఫ్రాంచెక్ గ్లాసు నింపి ఇచ్చాడు. ఓజ్‌బాల్ట్ ఫ్లాస్కు చూపించాడు.

రెజికా లోపలికి వెళ్లి గుడ్డలో చుట్టిన వస్తువు తెచ్చింది. తాత దీపపుగిన్నె. తుప్పు గీకి, నూనె రాసి, తళతళలాడేలా తోమింది.

"ఇది మీకు" అంది.

"అమ్మా, బహుమతి..."

"బహుమతి అని ఎవరన్నారు? మనుషుల్ని మోసం చేసే సామాను ఇది. ఇలాంటిది పనిచేసే చోట ఉండొచ్చా, ఉండకూడదా? ఒక్క ముక్కలో చెప్పండి."

ఓజ్‌బాల్ట్ ఆలోచించాడు. మీసం ఒక పక్కకి కదిలింది.

"ఉండకూడదు."

"మరి మీ డ్యూటీ ఏమిటి?"

"స్వాధీనం చేసుకోవాలి" అన్నాడాయన, చాలా గంభీరంగా.

"చేసుకోండి. ఒకటి. దీన్ని మీ భోజనాల బల్ల మీద పెట్టుకోవాలి. రెండు. ఇంట్లోనే వెలిగించాలి, ఏ నేలమాళిగలోకీ తీసుకుపోకూడదు. మూడు. గురువారం మీమికా హోటలుకి వచ్చి, వంటింట్లో నక్కకుండా, మాతోపాటు కూర్చుని సూపు తాగాలి. ఇప్పుడు మీరు చెప్పండి."

ఓజ్‌బాల్ట్ లేచి నిలబడ్డాడు. కళ్లజోడు పైకి తోసుకున్నాడు. చెవుల చివర్లు ఎర్రబడ్డాయి.

"భోజనాల బల్ల మీద పెట్టుకోవాలి" అన్నాడు. "ఇంట్లోనే వెలిగించాలి, నేలమాళిగలోకి తీసుకుపోకూడదు." అని దీపపుగిన్నె కోసం చెయ్యి చాచాడు.

"సార్!" అన్నాడు గుస్తెల్, ఆయన గొంతుతోనే. "మూడోది వదిలేస్తున్నారు."

ఆయన మూడోది కూడా చెప్పాడు. ఒక్క ముక్క పోకుండా చెప్పాడు. అప్పుడు రెజికా దీపపుగిన్నెను గుడ్డతో సహా ఆయన రెండు చేతుల్లో పెట్టింది.